గంట కొట్టేవాళ్లు లేరు, మన గంట మనమే కొట్టుకోవాలి



పెద్ద పోస్టే. తీరిక చేసుకొని పూర్తిగా చదవండి. మా హాస్టల్‌లో కొంతమందిమి కూర్చొని చాలా రోజులుగా వాదించుకుంటున్న మాటలివి. మాలో గూడెం నుంచి వచ్చినవాళ్లు ఉన్నారు, తండా నుంచి వచ్చినవాళ్లు ఉన్నారు. మా ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాళ్లం మేమే. అందుకే పెద్ద పెద్ద పుస్తకాల మాటలు కాకుండా, కళ్లముందు చూస్తున్నదే రాస్తున్నాం.

అసలు మాట ముందే చెప్తాం. మన పిల్లల చదువులు ఆగిపోతున్నది మోటివేషన్ లేక కాదు. మోటివేషన్ మన దగ్గర అవసరానికి మించే ఉంది. ఫోన్ తెరిస్తే అదే. స్టేటస్‌లో అదే. ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవం మీటింగ్‌లో అదే. కొమురం భీమ్ ఫొటో కింద నాలుగు మాటలు చూస్తే ఒళ్లు పులకరిస్తుంది, పిడికిలి బిగుస్తుంది. తెల్లారి లేచి పుస్తకం తీయడం దగ్గరే బండి ఆగిపోతున్నది. మనకు కావాల్సింది ఇంకో వీడియో కాదు, స్వీయ క్రమశిక్షణ. ఇది తాతల కాలం నీతి లాగా అనిపించొచ్చు. అయినా చెప్పక తప్పదు, ఎందుకంటే దీనివల్ల నష్టపోతున్నది మనమే.

ప్రతి సంవత్సరం ఒకటే కథ. వానాకాలంలో అడ్మిషన్. ట్రంకు పెట్టె, దుప్పటి, బకెట్ పట్టుకొని తమ్ముళ్లు, చెల్లెళ్లు పట్నం హాస్టల్‌కు వస్తారు. మొదటి సెమిస్టర్ రిజల్ట్ వచ్చేసరికి రెండు మూడు సబ్జెక్టులు మిగిలిపోతాయి. పండగకు ఇంటికి పోయినవాళ్లలో కొందరు తిరిగి రారు. ఫోన్ చేస్తే "మిర్చి కోతలకు పోతున్నా అన్నా, వచ్చే సంవత్సరం చూద్దాం" అంటారు. ఆ వచ్చే సంవత్సరం రాదు.

అట్లా ఒక్కరు ఆగితే పోయేది ఒక్కరి చదువు కాదు. ఊళ్లో మాట పుడుతుంది. "ఫలానా వాళ్ల పిల్లగాడు పోయి ఏం చేసిండు? తిరిగొచ్చిండు గదా" అని. ఆ మాట దెబ్బ ముందు తగిలేది ఆడపిల్లలకు. ఇంటర్ అయిపోయిన బిడ్డను డిగ్రీకి పంపాలా వద్దా అని తేల్చుకోలేకపోతున్న తండ్రి, ఆ ఒక్క మాట విని వద్దనుకుంటాడు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశం మొత్తం అక్షరాస్యత 73 శాతం, గిరిజనులది 59 శాతం. అంత వెనక నుంచి నడిచి వచ్చి డిగ్రీ దాకా చేరినవాళ్లు మొదటి సంవత్సరంలోనే రాలిపోతుంటే ఊరికే చూస్తూ ఉండలేం.

తిరిగిపోతున్నవాళ్లకు తెలివి లేదా? ఎవరైనా ఆ మాట అంటే మేం ఒప్పుకోం. టెన్త్‌లో, ఇంటర్‌లో మంచి మార్కులు తెచ్చుకున్నవాళ్లే వాళ్లు. మరి ఏం పోయింది? గంట పోయింది.

ఆశ్రమ పాఠశాలలో, గురుకులంలో మనం గంట మీద బతికినం. లేవడానికి గంట. పీటీకి విజిల్. స్నానానికి, టిఫిన్‌కి, అసెంబ్లీకి, స్టడీ అవర్‌కి, అన్నానికి, లైట్లు ఆర్పడానికి గంట. ఐదో తరగతి నుంచి ఇంటర్ దాకా ఎప్పుడు చదవాలో మనం నిర్ణయించుకున్న రోజు ఒక్కటీ లేదు. మన బదులు గంట నిర్ణయించింది. దానివల్ల మేలు జరిగింది, కాదనం. గురుకులాలు లేకపోతే మనలో సగం మంది ఇక్కడ ఉండేవాళ్లం కాదు. కానీ గంట మనకు చదువు చెప్పింది గానీ, గంట కొట్టుకోవడం చెప్పలేదు.

డిగ్రీకి వచ్చాక ఒక్కసారిగా గంట లేదు. కాలేజీ మధ్యాహ్నానికే అయిపోతుంది. సాయంత్రం ఎక్కడున్నావని అడిగేవాళ్లు లేరు. చేతిలో మొదటిసారి సొంత ఫోన్. పట్నం పిల్లలకు ఇంట్లో చదువుకున్న తల్లిదండ్రులు ఉంటారు, "ఇంటర్నల్స్ ఎప్పుడు" అని అడుగుతారు. మన అమ్మానాన్నలు ఫోన్ చేస్తే "తిన్నవా బిడ్డా" అని అడుగుతారు. అది ప్రేమ. అంతకంటే అడగడానికి వాళ్లకు దారి లేదు, సెమిస్టర్ అంటే ఏంటో వాళ్లకు ఎవరూ చెప్పలేదు. అంటే మనకు బయటి గంట పోయింది, ఇంటి గంట మొదటి నుంచీ లేదు. ఇక మిగిలింది లోపలి గంట ఒక్కటే.

సరిగ్గా ఇక్కడే మోటివేషన్ వ్యాపారం మన మీద పడుతుంది.

మా హాస్టల్‌కు ఒక స్పీకర్ గారు వచ్చారు. పేరు అనవసరం, ఇట్లాంటివాళ్లు ప్రతి జిల్లాలో ఉన్నారు. గంటన్నర మాట్లాడారు. "మీలో కసి లేదు, మీలో ఆకలి లేదు" అన్నారు. ఆయన ప్రసంగం అయిపోయేసరికి ఆ రోజు మేం అన్నం తిన్నది రాత్రి తొమ్మిదిన్నరకు. ఆకలి గురించి హాస్టల్ పిల్లలకు చెప్పడానికి ధైర్యం కావాలి, అది మాత్రం ఆయన దగ్గర ఉంది. చివర్లో కళ్లు మూసుకొని అమ్మానాన్నలను తలుచుకోమన్నారు. చాలామంది ఏడ్చారు. ఏడవరా మరి? ఎండలో తునికాకు కోసి కట్టలు కట్టే అమ్మ గుర్తొస్తే ఎవరికైనా కన్నీళ్లు వస్తాయి. ఆ కన్నీళ్లు ఆయన గొప్పతనం కాదు, మన అమ్మల కష్టం. ఆయన దాన్ని వాడుకున్నారంతే.

ఆ రాత్రి అన్ని రూముల్లో స్కెచ్ పెన్నులతో టైంటేబుళ్లు తయారయ్యాయి. నాలుగు గంటలకు లేవాలి, రోజుకు పన్నెండు గంటలు చదవాలి. నాలుగో రోజుకు టైంటేబుల్ గోడ మీదే ఉంది, దాని కింద మనిషి ముసుగు తన్ని పడుకున్నాడు. ఇక్కడి దాకా అయితే నవ్వుకొని వదిలేయొచ్చు. కానీ ఆ తమ్ముడు ఆ తర్వాత ఏమనుకుంటాడో చూడండి. "స్పీకర్ గారు చెప్పింది నిజమే, నాలో కసి లేదు. నేనింతే" అనుకుంటాడు. మా కోపమంతా దీని మీదే. పని పద్ధతిలో ఉన్న లోటును మనిషిలో ఉన్న లోటుగా మార్చి చెప్పడం. తరతరాలుగా "వీళ్లింతే" అని బయటివాళ్లు మన మీద వేసిన ముద్రను, ఇప్పుడు మనమే మన మీద వేసుకునేటట్టు చేయడం.

క్రమశిక్షణ నీలో ఏముందని అడగదు. ఆరు గంటలకు ఎక్కడ కూర్చున్నావని అడుగుతుంది. మొదటి ప్రశ్నకు జవాబు ఎవరి దగ్గరా ఉండదు. రెండోదానికి ఎవరైనా జవాబు చెప్పగలరు, రేపు మార్చుకోనూ గలరు.

మోటివేషన్ అసలు వద్దా అని కొందరు అడుగుతున్నారు. ఎందుకు వద్దు? నెగడు వేయాలంటే అగ్గిపుల్ల కావాలి. కానీ రాత్రంతా మంట ఉండాలంటే పక్కన కట్టెలు ఉండాలి, ఎవరో ఒకరు లేచి ఎగదోస్తూ ఉండాలి. మనవాళ్లు ఇప్పుడు చేస్తున్నది అగ్గిపుల్ల మీద అగ్గిపుల్ల గీయడం. అగ్గిపెట్టెలు అమ్మేవాడికి అది లాభమే. ఫ్రీ సెమినార్ అని పిలిచి చివర్లో కోర్సు ఫీజు చెప్పేవాళ్లను చూస్తూనే ఉన్నాం గదా.

ఇంకో మాట. క్రమశిక్షణ మనకు కొత్త కాదు, బయటి నుంచి ఎవరో తెచ్చి నేర్పాల్సింది అంతకన్నా కాదు. విప్పపువ్వు కాలంలో మన అమ్మలు ఎన్నింటికి లేస్తారు? చీకటి ఉండగానే గంప పట్టుకొని పోతారు. పొద్దెక్కితే రాలిన పువ్వు వాడిపోతుంది, లేకపోతే పశువుల పాలవుతుంది. ఏ అమ్మా "ఇవాళ మనసు బాగాలేదు" అని మంచం మీద ఉండిపోదు. తునికాకు కట్ట అంటే 50 ఆకులు. వెయ్యి కట్టలు అయితే ఒక స్టాండర్డ్ బస్తా, అంటే 50,000 ఆకులు. ఎండాకాలం ఎండలో ఒక్కో ఆకు కోసి, లెక్కపెట్టి, కట్ట కట్టి, కల్లంలో ఇచ్చి వస్తారు. ఏ స్పీకర్ వచ్చి వాళ్లకు స్ఫూర్తి ఇచ్చాడు?

పోడులో జొన్న కంకి పాలు పోసుకున్నప్పుడు నాన్నలు మంచె మీద పడుకుంటారు. ఇరవై రాత్రులు కావలి కాసి, ఇరవై ఒకటో రాత్రి ఇంట్లో పడుకుంటే అడవిపంది ఆ రాత్రే వస్తుంది. వాళ్లకు ఆ సంగతి తెలుసు కాబట్టే పోతారు. చలి ఉన్నా పోతారు, విసుగు ఉన్నా పోతారు. ఆదిలాబాద్ జిల్లా కేస్లాపూర్ నాగోబా జాతర చూడండి. మెస్రం వంశీయులు జన్నారం మండలంలోని హస్తినమడుగు దాకా కాలినడకన పోయి గోదావరి జలం తెస్తారు. పుష్య అమావాస్య రాత్రి ఆ జలంతో మహాపూజ జరుగుతుంది. బస్సులు లేవా? ఉన్నాయి. అయినా నడుస్తారు, ఎందుకంటే అది కట్టుబాటు. "ఈ ఏడు ఉత్సాహం లేదు" అని జాతర ఆపరు. వాళ్ల పిల్లలం మనం. కాబట్టి "ట్రైబల్ పిల్లలకు డిసిప్లిన్ ఉండదు" అని ఎవరైనా అంటే తల దించుకోకండి. విప్పపువ్వు ఏరే వేళకు వాళ్లను లేచి రమ్మనండి.

మరి ఆ రక్తమే మనలోనూ ఉన్నా చదువు దగ్గర ఎందుకు తప్పుతున్నది? పోడు కావలి తప్పితే తెల్లారేసరికి నష్టం కనిపిస్తుంది. చదువు తప్పితే ఆరు నెలల దాకా కనిపించదు. అంతే తేడా. కనిపించని పందికి కావలి కాయడమే విద్యార్థి క్రమశిక్షణ.

ఈ మాటకు మనలో చెడ్డపేరు రావడానికి ఒక కారణం ఉంది. "క్రమశిక్షణ" అంటే మనకు క్రమం వినిపించలేదు, శిక్షణ వినిపించలేదు, మధ్యలో ఉన్న శిక్ష ఒక్కటే వినిపించింది. మోకాళ్ల మీద నిలబెట్టడం, గ్రౌండ్ చుట్టూ పరిగెత్తించడం, "మీ భాష ఇక్కడ మాట్లాడొద్దు" అనడం. దాన్ని మేం సమర్థించట్లేదు. ఒకరికి భయపడి చేసేది అణకువ. అది పెట్టేవాడు పోతే పోతుంది. మనకు మనం ఇచ్చుకున్న మాట నిలబెట్టుకోవడం స్వీయ క్రమశిక్షణ. ఒకటి బానిసత్వానికి దగ్గర, ఇంకొకటి స్వపరిపాలనకు దగ్గర. "మా ఊళ్లో మా రాజ్యం" అనే మనం, ముందు మన పొద్దుటి గంట మీద మన రాజ్యం తెచ్చుకోవద్దా?

మాలావత్ పూర్ణ పేరు చెప్పని మోటివేషన్ మీటింగ్ ఉండదు. నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి వచ్చిన అమ్మాయి. 2014 మే 25న, 13 ఏళ్ల 11 నెలల వయసులో ఎవరెస్ట్ ఎక్కింది. తోడుగా ఖమ్మం జిల్లా నుంచి ఆనంద్ కుమార్. ఇద్దరూ గురుకులం పిల్లలే. వీడియోల్లో మనకు చూపించేది జెండా పట్టుకున్న ఆ ఒక్క ఫొటో. భువనగిరి గుట్ట మీద తాళ్లతో మళ్లీ మళ్లీ ఎక్కి దిగిన రోజుల వీడియో ఎవరూ పెట్టరు. తర్వాత డార్జిలింగ్‌లో శిక్షణ, ఆ తర్వాత లడఖ్ చలిలో శిక్షణ. శిఖరం మీద నిలబడింది కాసేపు. దాని వెనక నెలల తరబడి రోజూ అదే పని. ఫొటో చూసి పులకరిస్తే పూర్ణను అర్థం చేసుకున్నట్టు కాదు.

ఇంకా దగ్గరి ఉదాహరణ, తెలంగాణ గ్రూప్-1. 2022లో నోటిఫికేషన్ వచ్చింది. అక్టోబర్ 16న ప్రిలిమ్స్ జరిగింది. పేపర్ లీకేజీతో 2023 మార్చిలో రద్దు. జూన్ 11న మళ్లీ పరీక్ష. సెప్టెంబర్‌లో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్, జూన్ 9న మళ్లీ ప్రిలిమ్స్, అక్టోబర్‌లో మెయిన్స్. ఒక్క ప్రిలిమ్స్ మూడుసార్లు. తప్పు విద్యార్థులది కాదు. కానీ నష్టపోయింది విద్యార్థులే. నోటిఫికేషన్ వచ్చినప్పుడు లైబ్రరీలో కుర్చీ దొరకలేదు. రద్దు వార్త వచ్చిన వారానికి కుర్చీలన్నీ ఖాళీ. మాకు తెలిసిన ఒక సీనియర్ అన్న మాత్రం రద్దైన తెల్లారి కూడా అదే టైంకు అదే బల్ల దగ్గర కూర్చున్నాడు. "బాధ లేదా అన్నా" అంటే "ఉంది, కానీ బాధకు వేరే టైం పెట్టుకున్నా" అన్నాడు. ఆయనకు గ్రూప్-1 రాలేదు. అదే చదువుతో 2023 జులైలో గ్రూప్-4 రాశాడు, ఉద్యోగం వచ్చింది. క్రమశిక్షణ ఉంటే అనుకున్నదే వస్తుందని మేం చెప్పం. అట్లా చెప్పేవాళ్లు అబద్ధం చెప్తున్నారు. దారి మూసుకున్న రోజు ఇంకో దారి పట్టడానికి కాళ్లలో సత్తువ ఉంటుంది, అంతవరకు మాత్రం చెప్పగలం.

ఇప్పుడు మన సంఘం అన్నలు అడిగే ప్రశ్నకు వస్తాం. "స్కాలర్‌షిప్ టైంకు రాదు. హాస్టల్ బిల్డింగ్ కారుతుంది. షెడ్యూల్డ్ ఏరియాలో టీచర్ పోస్టులు వంద శాతం స్థానిక గిరిజనులకే ఇచ్చిన 2000 నాటి జీవో నంబర్ 3ని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. వ్యవస్థ ఇంత అన్యాయం చేస్తుంటే, మీరు తమ్ముళ్లకు పొద్దున్నే లేవండని చెప్తారా? తప్పు మన మీదే వేసుకుంటారా?"

ప్రశ్న న్యాయమైనదే. జవాబు కూడా సూటిగా చెప్తాం. క్రమశిక్షణ పోరాటానికి బదులు కాదు. ఎవరైనా అధికారి "మీరు బాగా చదువుకోండి, మిగతావి అడగకండి" అంటే ఆ మాటను మేం అందరికంటే ముందు ఎదిరిస్తాం. కానీ పోరాటం దేని మీద నిలబడుతుంది? ధర్నా రోజు రెండు వందల మంది వస్తారు. మర్నాడు మెమోరాండం కాపీ మీద రిసీవ్డ్ ముద్ర వేయించుకొని ఫైల్‌లో పెట్టేది ఎవరు? సమాచార హక్కు దరఖాస్తుకు 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే మరో 30 రోజుల్లోపు మొదటి అప్పీల్ వేయాలి. ఆ తేదీ గుర్తుపెట్టుకొని ఐటీడీఏ ఆఫీసుకు పోయేది ఎవరు? తేదీ దాటితే చట్టం మన పక్కన ఉన్నా పని కాదు. స్కాలర్‌షిప్ కూడా అంతే. 75 శాతం హాజరు లేకపోతే, రావాల్సిన డబ్బును అడిగే నోరు కూడా మనకు ఉండదు. నినాదం మోటివేషన్ లాంటిది, ఫైల్ క్రమశిక్షణ లాంటిది. నినాదం మన దగ్గర ఉంది. ఫైల్ వాళ్ల దగ్గర ఉంది. అందుకే చాలాసార్లు ఓడిపోతున్నాం.

ఇంకో రెండు సంగతులు దాటేయకూడదు. ఒకటి, చెల్లెళ్లది. సెలవులకు ఇంటికి పోతే వాళ్ల గంట వాళ్లది కాదు. నీళ్లు, వంట, చిన్నపిల్లలు అన్నీ వాళ్ల మీదే. అన్నదమ్ములు ఫోన్ పట్టుకొని చెట్టు కింద కూర్చొని "మా చెల్లికి డిసిప్లిన్ లేదు" అంటే సిగ్గుచేటు. ఆ బిందె నువ్వు ఎత్తు, ఆ గంట ఆమెకు ఇయ్యి. రెండోది, ఒంటి సంగతి. జ్వరంతో, రక్తహీనతతో, సికిల్ సెల్ నొప్పితో ఉన్న పిల్లను "లే, కసి చూపించు" అనడం క్రూరత్వం. ఒంట్లో బాగాలేనప్పుడు రక్తపరీక్ష చేయించుకొని, మందు వేసుకొని పడుకోవడం కూడా క్రమశిక్షణే.

ఇక ఏం చేయాలో చెప్పకుండా తిట్టి వదిలేస్తే మేం కూడా ఆ స్పీకర్ల లెక్కనే అవుతాం. మా హాస్టల్‌లో నడుస్తున్న పద్ధతి ఇది.

1. పన్నెండు గంటల టైంటేబుల్ చింపేయండి. ఒక్క గంట పెట్టుకోండి. రోజూ అదే గంట. పండగైనా, మ్యాచ్ ఉన్నా అదే గంట. అది నిలబడ్డాకే రెండోది.

2. చోటు ఒకటే ఉండాలి. మంచం మీద వద్దు, మంచం నిద్రనే గుర్తు చేస్తుంది. బల్ల లేకపోతే వరండాలో చాప వేసుకోండి.

3. ఆ గంట ఫోన్ ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేయండి, తాళంచెవి పక్కవాడికి ఇవ్వండి. చేతిలో పెట్టుకొని మనసును నిగ్రహించుకుంటాం అనేది వట్టి మాట.

4. కష్టమైన సబ్జెక్ట్ ముందు. మనలో చాలామందికి అది ఇంగ్లిషే. రోజుకు ఐదు మాటలు సొంత వాక్యాల్లో రాసి నేర్చుకుంటే సంవత్సరానికి 1,825 మాటలు. ఒక్కరోజు మోటివేషన్‌లో నూరు మాటలు రాసి వదిలేసినవాడికి చివరికి నూరు కూడా మిగలవు.

5. క్యాలెండర్ మీద గీత గీయండి. కూర్చున్న రోజు గీత, కూర్చోని రోజు ఖాళీ. ఎవరికీ చూపించక్కర్లేదు.

6. ఒకరోజు తప్పితే మర్నాడు రెండింతలు చదువుతామని శపథం చేయకండి. మర్నాడు మామూలు గంటకు కూర్చోండి, చాలు. ఒక రాత్రి పంది పడిందని నాన్న మంచె కూలగొట్టి ఇంటికి రాడు గదా.

7. జంట కట్టండి. సీనియర్ ఒకరు, ఫస్టియర్ ఒకరు. రాత్రి భోజనం దగ్గర ఒక్కటే ప్రశ్న: "ఇవాళ కూర్చున్నవా?" ఎందుకు కూర్చోలేదని తిట్టుడు లేదు. అడగడం మాత్రం మానొద్దు. ఇంట్లో అడిగేవాళ్లు లేని పిల్లలకు మనమే ఇల్లు.

ఏడో మాటే మాకు అన్నిటికంటే ముఖ్యం. స్వీయ క్రమశిక్షణ అంటే ఒంటరిగా పళ్లు బిగబట్టడం అనుకోవద్దు. మన ఊళ్లల్లో పొలం పని చేయాలన్నా, ఇల్లు కప్పాలన్నా అందరూ కలిసే చేస్తారు. చదువు దగ్గర కూడా అట్లాగే చేయాలి.

ఈ గ్రూప్‌లో ఉన్న సీనియర్ అన్నలు, అక్కలు ఒక పని చేయండి. మీ ఊరి నుంచి ఈ సంవత్సరం డిగ్రీలో చేరిన తమ్ముడో చెల్లో ఎవరో ఒకరు ఉంటారు. ఈ రాత్రే ఫోన్ చేయండి. స్ఫూర్తి మాటలు చెప్పకండి. ఏ గంట పెట్టుకున్నావని అడగండి. రేపు మళ్లీ చేయండి. వచ్చే సంక్రాంతికి ఇంటికి పోయిన ఫస్టియర్ పిల్లలందరూ తిరిగి హాస్టల్‌కు వచ్చారో లేదో అప్పుడు పేరుపేరునా లెక్క చూద్దాం.

జోహార్.